కొంగగారి గది

త్సురుఒకా ఊళ్ళో తొగాషి వారింట్లో దక్షిణం వైపు గదికి మించిన గది లేదు. చలికాలంలో ఊరంతా మబ్బు కప్పుకుని పడుకున్నా, ఏ పూటో కాస్త తెరిపి ఇచ్చి నాలుగు కిరణాలు రాలితే అవి ముందు ఆ గదిలోనే వాలేవి. కానీ ఆ ఎండలో కాళ్ళు చాపుకునే యోగం ఆ ఇంట్లో మనుషులకు లేదు. అది కొంగగారి గది.

కొంగగారంటే పటంలో కొంగ, వాళ్ళ భాషలో 'సగి'. మంచులో ఒంటికాలి మీద నిలబడి, మెడ రెక్కల్లోకి ముడుచుకున్న తెల్లకొంగ. చలికాలమంతా పట్టు అంచులతో గోడగూటిలో పైనుంచి కిందికి వేలాడుతుంది, మిగతా రోజులు ఆ గూట్లోనే పెట్టెలో ఉంటుంది. పూర్వం ఆ ఊరి ప్రభువు తన చేత్తో తొగాషి వారి పెద్దకి బహూకరించాడనీ, గీసినవాడు క్యోటోలో గొప్పగొప్ప గుళ్ళకి బొమ్మలు వేసిన మహానుభావుడనీ తరతరాలుగా చెప్పుకుంటారు. దానికి వంగి నమస్కారం పెట్టందే ఆ గడప దాటకూడదు. దాని ముందు నిప్పు రాజెయ్యకూడదు. పొగా ఆవిరీ తగలకూడదు. ఇంట్లో పిల్లి ఉండకూడదు. చేపలు కాల్చే రోజున మధ్య తలుపులన్నీ బిగించాలి. వీటన్నిటినీ మించిన నియమం ఇంకొకటి ఉంది. ఆ ఇంటికి తాళం పడకూడదు. దొంగలు పడవచ్చు, నిప్పంటుకోవచ్చు. పటం మోసుకుని పరుగెత్తే సత్తువ ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు కాపలా ఉండి తీరాలి.

ఆ ఇంటి కోడలు మిసావో. సముద్రం ఒడ్డున నెజుగసెకి రేవులో చేపల వ్యాపారి కూతురు. కాపరానికి వచ్చిన తొలి చలికాలం, చుట్టాలొచ్చారు కదా, వణుకుతున్నారు కదా అని కిరసనాయిలు స్టవ్వు మోసుకుంటూ ఆ గదిలోకి వెళ్ళబోయింది. మామగారు యసుతారో వాకిట్లోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. ఆయన తిట్టలేదు. "తెలీక చేశావమ్మా. ఇంకెప్పుడూ చెయ్యకు" అన్నాడు అంతే. కానీ ఆ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. అంతటి మనిషిని అలా భయపెట్టే వస్తువంటే ఏ పాటిదో అనుకుని మిసావో ఆ స్టవ్వు వెనక్కి మోసుకుపోయింది. చుట్టాలు కోట్లు విప్పకుండానే భోంచేశారు.

ఆ తర్వాత ఆమె జీవితమంతా ఆ కొంగ చుట్టూనే తిరిగింది. ఊరికి దగ్గర్లోనే వేడినీటి ఊటలున్న సత్రాలున్నాయి, జపాన్ నలుమూలల నుంచీ జనం వచ్చి పోతుంటారు. ఆమె, ఆమె భర్త కునిహికో కలిసి ఒక్క రాత్రి కూడా అక్కడ గడిపింది లేదు. కూతురు చినత్సు సెందాయిలో పురుడు పోసుకుంటే ముందు మిసావో వెళ్ళి చూసొచ్చింది. ఆమె వచ్చాక ఆయన వెళ్ళాడు. "మీ అమ్మా నాన్నా విడిపోయారా ఏమిటి, నాతో చెప్పొచ్చుగా" అని అల్లుడు రహస్యంగా కూతుర్ని అడిగాడట.

ఎనభై దాటిన అత్తగారు తొమియే మోకాళ్ళ నొప్పులతో వంటింటి పక్కన ఉత్తరపు గదిలో పడుకునేది. ఆ గదిలో మధ్యాహ్నం పూట కూడా దీపం ఉండాల్సిందే.

మామగారు పోయి ఏడాది దాటింది. పోయే ముందు ఆయన భార్య సంగతి ఎత్తలేదు, కొడుకు సంగతి ఎత్తలేదు. "కొంగగారికి తేమ తగలనీకండి" అన్నాడు. దాంతో ఆ బరువు కునిహికో నెత్తిన పడింది. కాలువల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. నెమ్మదస్తుడు. తండ్రి మాట దాటి ఎరగడు.

ఈ ఏడు చలి మొదలవుతూనే పెట్టెలోంచి పటం తీసి వేలాడదీశారు. కొంగ కాలి దగ్గర గోధుమరంగు మచ్చలు కనిపించాయి. ఒకటి కాదు, గుప్పెడు.

తప్పు తనదేనని మిసావోకి తెలుసు. ఏటా వానలు వెళ్ళాక పటాన్ని గాలికి ఆరబెట్టాలి. ఈసారి అత్తగారి మోకాలి ఆపరేషన్, ఆస్పత్రి చుట్టూ తిరుగుళ్ళు, ఆ హడావుడిలో ఆ పని ఆమెకి గుర్తే లేదు. కునిహికో పల్లెత్తు మాట అనలేదు. రాత్రి అన్నం మాత్రం సగంలో వదిలేశాడు. అదే ఆమెకి ఎక్కువ బాధ అనిపించింది.

పటాలకి పట్టు అంచులు కట్టే ఊరి పనివాడిని అడిగితే, "అంతటి వస్తువు మీద నేను చెయ్యి వెయ్యను బాబూ. ముందు సకాతా నుంచి హిరకతా గారిని పిలిపించి చూపించండి. ఈ చుట్టుపక్కల ఆయన కన్నుకి తిరుగులేదు" అన్నాడు.

హిరకతా గారు వచ్చిన రోజు సన్నగా వడగళ్ళు పడుతున్నాయి. పాత కళావస్తువుల వర్తకుడు, డెబ్భై దాటినవాడు, బక్కపలచని మనిషి. గడప దగ్గర వంగి నమస్కరించి, జేబులోంచి మడత రుమాలు తీసి ఊపిరి పటానికి తగలకుండా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మోకాళ్ళ మీద పటం దగ్గరికి జరిగాడు. చూశాడు. కింద మూలనున్న ఎర్ర ముద్ర చూశాడు. మళ్ళీ కొంగని చూశాడు. తర్వాత రుమాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

మిసావో టీ తెచ్చింది. మామగారి కాలంలోనైతే ఆ గదిలోకి టీ వచ్చేది కాదు. వచ్చినాయన పెద్దమనిషి కదా అని గుమ్మం దగ్గరే పెట్టబోయింది. ఆయనే చెయ్యి చాపి అందుకుని, కప్పుని పటం కిందనే చాప మీద పెట్టుకుని, పొగలు కక్కుతుంటే ఊదుకుంటూ తాగాడు. ఎర్ర ముల్లంగి ఊరగాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, "ఇది ఇంట్లో పెట్టిందేనా? అద్భుతంగా ఉందమ్మా" అన్నాడు.

కునిహికో ఇక ఉండబట్టలేకపోయాడు. "మరి... కొంగగారి సంగతి?"

హిరకతా గారు కప్పు దించాడు. "చాలా హాయిగా ఉన్న పటం."

"అవునండీ."

"కాస్త... వయసులో చిన్నది."

"ఓహో!"

"మీ నాన్నగారు ఎంత ప్రేమగా చూసుకున్నారో కనిపిస్తూనే ఉంది. అలాంటి వస్తువు ఇంట్లో ఉండటమే ఒక అందం. ఇకముందు కూడా మీకు తోచినట్టు ఆప్యాయంగా చూసుకోండి. మచ్చలంటారా, వాటికి పెద్ద ఖర్చు పెట్టి వైద్యం చేయించాల్సిన పని లేదు."

అంతే. ఇంకో కప్పు టీ తాగి లేచాడు. కునిహికో మూడుసార్లు నమస్కారం పెట్టాడు. ఏనుగెక్కినంత సంబరంగా ఉంది ఆయన ముఖం.

"విన్నావా! వయసులో చిన్నదట! అంటే ఆ మహానుభావుడు కుర్రతనంలో గీసిన పటం అన్నమాట. అలాంటివి చాలా అరుదు." కునిహికో తలుపుల కేసి తిరిగాడు. "ఇక ఇలా అజాగ్రత్తగా ఉంటే కుదరదు. తేమ కొలిచే యంత్రం కొనాలి. తలుపులకి నల్ల తెరలు వెయ్యాలి, ఎండ కూడా తగలకూడదు. రాత్రుళ్ళు నేను ఈ గది గుమ్మం దగ్గరే పడుకుంటాను."

నల్ల తెరలు అనగానే మిసావోకి గుండె మీద కుంపటి పెట్టినట్టయింది. ఇంట్లో ఉన్న ఆ నాలుగు కిరణాలూ పోతాయి. కానీ ఆమె బుర్రలో ఇంకేదో తిరుగుతోంది. రుమాలు. వచ్చేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు ఒక్క చూపుతో జేబులోకి ఎందుకు పోయింది? పొగలు కక్కే టీ కప్పుని కొంగ కాళ్ళ దగ్గర ఎందుకు పెట్టాడు?

"గొడుగు మర్చిపోయినట్టున్నారు, ఇచ్చొస్తాను" అని అబద్ధమాడి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి వీధిలోకి పరుగెత్తింది.

హిరకతా గారు సందు చివర కారు తలుపు తీస్తున్నాడు. గొడుగు ఆయన చేతిలోనే ఉంది.

"అయ్యా, ఒక్క మాట. మా ఆయనకి అర్థం కాలేదు. నాకూ సరిగ్గా కాలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పండి. ఆ కొంగ నకిలీయా?"

ఆయన చుట్టూ చూశాడు. వడగళ్ళు గొడుగు మీద టపటపమంటున్నాయి. "అమ్మా, మా వృత్తిలో ఆ మాట వాడం. నలభై ఏళ్ళలో నేను ఎవరింట్లోనూ ఆ మాట అనలేదు."

"మరేమంటారు?"

"చిన్న వయసుది అంటాం. హాయిగా ఉంది అంటాం. ఇంకా మరీ అయితే, 'నా కన్ను అందుకోలేకపోతోంది' అంటాం. విన్నవాళ్ళు మెల్లగా, ఎప్పుడో ఒకప్పుడు, వాళ్ళంతట వాళ్ళే తెలుసుకుంటారు."

"పాము చావకూడదు, కర్ర విరక్కూడదు! నేను చేపల అంగట్లో పుట్టానండీ. మా నాన్న నిన్నటి చేపని నిన్నటిదే అనేవాడు. అడిగినవాడి ముఖం మీదే అనేవాడు."

"చేప రెండు రోజుల్లో వాసన కొట్టి తనే చెబుతుందమ్మా. పటం చెప్పదు." ఆయన నిట్టూర్చాడు. "పైగా నకిలీ అనే మాట చిన్నదే గానీ, దాని కింద చాలా రకాలున్నాయి. ఒక శిష్యుడు గురువు పటాన్ని చూసి చూసి నేర్చుకోవడానికి గీస్తాడు. దాన్ని 'ఉత్సుషి' అంటాం. అది తప్పు కాదు, భక్తి. ఇంకొకడు అమ్ముకోవడానికి గీసి దొంగ ముద్ర వేస్తాడు. అది 'గన్సకు'. అది నేరం. ఒక్కోసారి శిష్యుడు భక్తితో గీసిన దాని మీద తర్వాతెవడో ముద్ర గుద్దుతాడు. మీ కొంగ ఏదో నాకు తెలీదు, వయసు మాత్రం నూట పాతికేళ్ళకి మించదు. గీసినవాడి మనసులో ఏముందో కాగితం మీద కనపడదు. తెలియకుండా ఒక ఇంటి పెద్దల్ని దొంగలని ఎలా అంటాను?"

మిసావో ఒక్క క్షణం ఆలోచించింది. ఆయన్ని ఆ మాట అనిపించడం అయ్యే పని కాదు. అడగాల్సింది అది కాదు కూడా.

"సరే. ఆ మాట అడగను. ఇంకొకటి అడుగుతాను. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఆ గదిలో కిరసనాయిలు స్టవ్వు వెలిగించొచ్చా?"

హిరకతా గారు ఆమెని చూశాడు. ముసలాయన ముఖంలో ముడతలు మెల్లగా సడలాయి.

"వెలిగించండమ్మా" అన్నాడు. "పైన కెటిల్ కూడా పెట్టుకోండి. గాలి పొడిబారకుండా ఉంటుంది."

మిసావో సందులో అలాగే నిలబడిపోయింది. కారు మలుపు తిరిగాక తెలిసింది, తల మీద వడగళ్ళు కరిగి మెడలోకి కారుతున్నాయని. ఇంటికి నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా పడుతున్నాయి. మచ్చల గురించి ఇన్నాళ్ళుగా మింగిన దిగులు ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

కునిహికో అప్పటికే టేపు పట్టుకుని నల్ల తెరల కోసం తలుపులు కొలుస్తున్నాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది.

"కాదు. ఆయన చిన్న వయసుది అన్నాడు. నేను నా చెవులతో విన్నాను."

"చిన్న వయసు కొంగకి. ఆ మహానుభావుడికి కాదు."

"మరి మచ్చలకి ఖర్చు పెట్టొద్దన్నాడే..." అంటూనే ఆ మాట ఏం చెబుతోందో ఆయనకే తట్టింది. టేపు టక్కున వెనక్కి చుట్టుకుపోయింది. ఆయన చాప మీద కూలబడ్డాడు.

ఆయన కొంగని చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "చిన్నప్పుడు ఈ గదిలో బంతి ఆడితే నాన్న కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే" అన్నాడు. తర్వాత, "సెందాయి ఆఫీసుకి బదిలీ ఇస్తామన్నారు నాకు. నీకు చెప్పలేదు. ఇంటికి కాపలా ఎవరుంటారని నేనే వద్దన్నాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"చినత్సు బడికెళ్ళే రోజుల్లో."

మిసావోకి కోపం రావాల్సింది. రాలేదు. ఆయన భుజాలు కిందికి దిగుతున్నాయి, తడిసిన కోటు ఎవరో పట్టుకుని విప్పుతున్నట్టు. అవి అంత కిందికి దిగగలవని ఆమెకి ఇన్నేళ్ళ కాపరంలో తెలియదు.

"అమ్మకి ఎలా చెప్పడం?" అన్నాడాయన.

అదీ అసలు భయం. తొమియే ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి పొద్దున్నే లేచి ముందు కొంగగారికి నమస్కారం పెట్టాకే పొయ్యి వెలిగించేది. మోకాలికి కోత పడి ఇంటికొచ్చిన రోజు కూడా గోడ పట్టుకుని వెళ్ళి వంగింది. ఈ మాట విని ఆవిడ ప్రాణం ఏమవుతుందో!

ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. తొమియే చూరుకి కట్టి ఎండబెట్టడానికి వగరు పెర్సిమన్ పళ్ళు చెక్కు తీస్తోంది. తొక్క తెగకుండా పొడుగ్గా ఒళ్ళోకి దిగుతోంది.

కునిహికో ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "అమ్మా. హిరకతా గారు వచ్చి చూశారు. కొంగగారు చాలా హాయిగా ఉన్నారట."

"మంచిది."

"నాన్న చాలా ప్రేమగా చూసుకున్నారట."

"నాకు తెలీదేంట్రా ఆ సంగతి! ఆ ప్రేమలో పదో వంతు నా మోకాళ్ళ మీద పెట్టుంటే ఇప్పుడు పరుగెత్తేదాన్ని."

"కాకపోతే... కొంగగారు కాస్త... వయసులో చిన్నవారట."

తొమియే కత్తి ఆపింది. "ఎంత చిన్న? నాకంటేనా?"

"అబ్బే, నీకంటే కాస్త పెద్దే..."

"కాస్తంటే?"

"ఓ ముప్ఫై, నలభై ఏళ్ళు పెద్ద ఉండొచ్చేమో..."

"ఆ ప్రభువు పోయి రెండొందల ఏళ్ళాయె! అయితే నకిలీ అని చెప్పరా, నీళ్ళు నములుతావేం!"

ఆ మాట మొదటిసారి ఆ ఇంట్లో పైకి వినిపించింది. కునిహికో తల వంచుకున్నాడు. మిసావో అత్తగారి చెయ్యి పట్టుకోవడానికి ముందుకు జరిగింది.

తొమియే పండు పళ్ళెంలో పెట్టింది. చేతులు తుడుచుకుంది. తను కూర్చున్న దిండు చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని లేచి, నడవా వెంట మెల్లగా దక్షిణపు గదికి నడిచింది. కొడుకూ కోడలూ వెనకే వెళ్ళారు. వడగళ్ళు ఆగి కాస్త తెరిపి ఇచ్చినట్టుంది, చాప మీద పలచగా ఎండ పడుతోంది. ఆవిడ గడప దగ్గర వంగలేదు. నేరుగా వెళ్ళి ఆ ఎండలో దిండు వేసుకుని, కొంగ కాళ్ళ దిక్కుకే కాళ్ళు చాపి, వెల్లకిలా పడుకుంది.

"అత్తయ్యా! ఒంట్లో బాగానే ఉందా?"

"ఎండమ్మా" అంది తొమియే కళ్ళు మూసుకుని. "ఈ ఎండంతా ఇన్నాళ్ళూ ఆ పక్షి ఒక్కతే తిన్నదా?"

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "అయినా పెద్దలు పేరు చెబుతూనే ఉన్నారు, మనకే చెవులు లేవు. సగి, సగి అని పొద్దస్తమానం మొక్కాం. సగి అంటే కొంగా అదే, మోసమూ అదే! ఒంటికాలి మీద నిలబడి జపం చేసిందిరా మన ఇంట్లో!"

కునిహికో ముందు నోరు మూసుకున్నాడు. తర్వాత ఆగలేకపోయాడు. తండ్రి పోయాక ఆయన అలా నవ్వడం మిసావో చూడలేదు. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని తల్లి పక్కనే చాప మీద ఒరిగాడు.

నవ్వు సద్దుమణిగాక తొమియే గొంతు మారింది. "మీ నాన్నే పాపం. చలికి దగ్గుతూ దగ్గుతూ ఈ గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. లోపలికొచ్చి వెచ్చగా కూర్చోమని ఆయనకి ఎవరూ చెప్పలేదు."

"చెప్పినా వినేవాడు కాదమ్మా" అన్నాడు కునిహికో.

"వినేవాడు కాదు" అని ఒప్పుకుంది ఆవిడ. "అయినా ఎవరో ఒకరు చెప్పుంటే బాగుండేది."

ఆ సాయంత్రం మిసావో స్టవ్వు మోసుకొచ్చింది. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. కునిహికోనే రెండో పక్క పట్టుకున్నాడు. అది హతాహతా చేపల కాలం. రేవు నుంచి తమ్ముడు పంపిన చేపలు ఉన్నాయి. స్టవ్వు మీద కుండ పెట్టి, ఆ గదిలోనే ఉడకబెట్టి, సోయా పులుసులో ముంచుకుని వేడివేడిగా తిన్నారు. చేప గుడ్లు పళ్ళ కింద పటపటమంటుంటే ఆవిరి పైకి లేచి కొంగ మెడ చుట్టూ తిరిగింది. ఉడుకు నీళ్ళలోంచి చేపని తీస్తూ మిసావో చెయ్యి రెండుసార్లు ఆగింది, అలవాటు కొద్దీ. తర్వాత ఆగలేదు.

"మరి దీన్నేం చేద్దాం? తీసేద్దామా?" అన్నాడు కునిహికో పటం వైపు గరిటె చూపించి.

"ఉండనీ. పక్షి దాని మానాన అది నిలబడింది, మనల్నేం అడగలేదు" అంది తొమియే. "నా పక్క మాత్రం రేపే ఇక్కడికి మార్చండి. కిటికీ వైపు తలగడ."

పక్క మార్చారు. చినత్సుకి ఫోన్ చేసి, ఈసారి ఇద్దరం కలిసే వస్తున్నామని చెప్పారు. "ఏమైంది, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని ఆ పిల్ల కంగారుపడింది.

మంచు పడటం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఇంట్లో ఫోన్ మోగింది. కొడుకూ కోడలూ బజారుకెళ్ళారు. తొమియే పక్కలోంచి చెయ్యి చాపి ఎత్తింది.

"సకాతా నుంచి హిరకతానండీ" అంది అవతలి గొంతు, జంకుతూ జంకుతూ. "ఆ రోజు నేను ఏమైనా తొందరపడి మాట్లాడానేమోనని... మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారోనని..."

"వెచ్చగా ఉన్నామండీ."

అవతల పెద్ద ఊపిరి ఒకటి వినిపించింది. "అమ్మయ్య. నిజం చెబుతున్నానమ్మా, ఆ రోజు నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇలాంటివి చెప్పొచ్చాక మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేను నేను. వీధిలో ఎదురుపడ్డా జనం తల తిప్పుకుంటారు."

"ఎవరు తిప్పుకుంటారు? మీరు రండి. మా కోడలు చేపలు బాగా వండుతుంది. ఆ ఎర్ర ముల్లంగి ఊరగాయ మీకు నచ్చిందట, జాడీతో ఇస్తుంది."

"వస్తానమ్మా. తప్పకుండా వస్తాను."

"బూట్లు వేసుకుని రండి, మంచు మోకాలి దాకా ఉంది" అని చెప్పి తొమియే ఫోన్ పెట్టేసి, కిటికీ వైపు తిరిగి పడుకుంది.